తీగ కలిపే ముందు: ఫోనుతో మైకు, మిక్సరు, క్యాసెట్ ప్లేయరు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే గోడు: "వైరు పెట్టాను, పనిచేయడం లేదు." పాతికేళ్లు రికార్డింగ్ గదుల్లో వైర్ల మధ్య తిరిగిన మనిషిగా చెబుతున్నాను, కొన్న వస్తువు నిజంగా పాడైన సందర్భాలు తక్కువ. ఫోనుకి ఉన్న ఆ చిన్న హెడ్‌ఫోన్ రంధ్రం నోరూ అదే, చెవీ అదే. అందులోకి మనం ఏం పంపుతున్నాం, అది దేని కోసం చూస్తోంది అన్న దగ్గరే తేడా వస్తుంది. ఉత్తరాలు కొన్నింటిని కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను లెక్కల పాఠాలు వీడియోలు తీస్తాను. కొత్తగా కాలర్ మైక్ కొని, ఫోనుకి పెట్టి, అరగంట పాఠం చెప్పాను. తీరా వింటే నా గొంతు బావిలోంచి వచ్చినట్టుంది, ఫ్యాన్ చప్పుడు మాత్రం చెవి పక్కనే ఉంది. అదే మైక్ మా తమ్ముడి కెమెరాకి పెడితే చక్కగా పనిచేస్తోంది. నా ఫోను పాడైందా?
— ఒక లెక్కల టీచరు

జవాబు: ఫోనూ బాగుంది, మైకూ బాగుంది. వాటికి ఒకదాని మాట ఒకదానికి తెలియలేదు, అంతే. "కెమెరాకి పెడితే పనిచేస్తోంది" అని మీరే రాశారు, జవాబు అందులోనే ఉంది.

ఆ మైక్ పిన్నుని వెలుతురులో పట్టుకుని చూడండి. లోహం మీద నల్ల గీతలు ఎన్ని ఉన్నాయి? రెండు ఉంటే ఆ పిన్ను మూడు భాగాలుగా ఉందని అర్థం, అది కెమెరా కోసం చేసింది. మూడు గీతలుంటే నాలుగు భాగాలు, అది ఫోను కోసం చేసింది. ఈ రకం పిన్నుల్లో మొదటిదాన్ని టీఆర్‌ఎస్ అనీ, రెండోదాన్ని టీఆర్‌ఆర్‌ఎస్ అనీ అంటారు. ఇప్పటి ఫోన్లలో కొస భాగం ఎడమ చెవికి, తర్వాతది కుడి చెవికి, మూడోది గ్రౌండ్ (అన్నిటికీ ఉమ్మడిగా కరెంటు తిరిగి వెళ్లే దారి), నాలుగోది మైక్. మీరు మూడు భాగాల పిన్ను పెడితే దాని చివరి పొడుగాటి భాగం ఫోను లోపల గ్రౌండునీ మైక్ తీగనీ రెండింటినీ ఒకేసారి తాకుతుంది. అంటే షార్ట్. ఫోను అది చూసి "ఓహో, మైక్ లేని మామూలు హెడ్‌ఫోన్స్ పెట్టారు" అనుకుని, రికార్డింగ్ కోసం తన సొంత మైక్‌నే వాడుకుంటుంది. మీ చొక్కాకి ఉన్న మైక్ అలంకారంగా మిగిలిపోయింది.

దీనికి మందు చిన్న మార్పిడి ముక్క. ఒకవైపు మూడు భాగాల సాకెట్టు, ఇంకోవైపు నాలుగు భాగాల పిన్ను ఉంటుంది. అడిగేటప్పుడు "కెమెరా మైక్‌ని ఫోనుకి పెట్టడానికి" అని స్పష్టంగా చెప్పండి. దీనికి సరిగ్గా తిరగబడిన ముక్క కూడా దొరుకుతుంది, చూడ్డానికి రెండూ కవలలు. కొన్ని కాలర్ మైకులకి చిన్న పెట్టె, అందులో బటన్ సెల్, ఒక స్విచ్ ఉంటాయి. స్విచ్‌కి ఒకవైపు కెమెరా, ఇంకోవైపు ఫోను. మీది ఆ రకమైతే ముందు ఆ స్విచ్ చూడండి.

ఇంకొక్క మాట. పిన్ను సరైనదే అయినా కొన్ని యాప్‌లు బయటి మైక్‌ని పట్టించుకోవు. ఫోనుతో వచ్చిన కెమెరా యాప్‌లోనే ఈ మొండితనం ఎక్కువగా చూశాను, ముఖ్యంగా యూఎస్‌బీ మైక్ పెట్టినప్పుడు. సెట్టింగుల్లో మైక్ ఎంచుకునే వీలుంటే మార్చండి, లేకపోతే ఆ వీలున్న వేరే వీడియో యాప్ పెట్టుకోండి.

నా కథ కూడా చెబుతాను. ఒకసారి ఒక పెద్దాయన జ్ఞాపకాలు రికార్డు చేయడానికి వెళ్లాను. రెండు గంటలు మాట్లాడారు. కాలర్ మైక్ ఆయన చొక్కాకి ఉంది, ఫోను నా చేతిలో ఉంది. ఇంటికొచ్చి వింటే ఆయన గొంతు గది అవతల నుంచి, నా వేళ్లు ఫోను మీద కదిలిన గరగర మాత్రం బ్రహ్మాండంగా పడింది. ఆయన్ని మళ్లీ కూర్చోబెట్టి చెప్పించుకున్నాను గానీ, మొదటిసారి చెప్పినట్టు చెప్పలేదు. ఆ రోజు నుంచి రికార్డింగ్ మొదలుపెట్టే ముందు రెండు పనులు మానను. మైక్ మీద గోటితో మెల్లగా గీకుతాను. తర్వాత ఫోను అంచు మీద గీకుతాను. పది సెకన్లు రికార్డు చేసి వింటే, ఏ గీకుడు పెద్దగా వినిపిస్తే ఆ మైకే పనిచేస్తున్నట్టు. "హలో, హలో, వన్ టూ త్రీ" అంటే రెండు మైకులూ వింటాయి, ఏమీ తేలదు.

ప్రశ్న: మా పాటల బృందానికి చిన్న మిక్సర్ ఉంది. ఫోనులోని పాటని పెద్ద పిన్ను ఉన్న వైరుతో మిక్సర్‌కి కలిపితే వాయిద్యాలు వినిపిస్తున్నాయి, గాయకుడి గొంతు మాత్రం మాయం. ఏదో దూరం నుంచి గొంతు నీడలాంటిది వస్తోంది. ఎవరో సలహా ఇస్తే ఫోను సెట్టింగుల్లో "మోనో ఆడియో" ఆన్ చేశాను. ఉన్న సంగీతం కూడా పోయింది! ఇంకో విచిత్రం, పిన్నుని సగం బయటికి లాగి పట్టుకుంటే గొంతు వస్తోంది. కార్యక్రమం అంతా మా వాడొకడు పిన్ను పట్టుకుని నిలబడ్డాడు.
— టెన్షన్‌తో, ఒక తబలా వాయించేవాడు

జవాబు: ఇంత చక్కగా లక్షణాలు రాసిన ఉత్తరం ఈ శీర్షికకి ఇదే మొదటిది. రోగి ఇలా చెబితే డాక్టరు పని సగం తగ్గుతుంది.

మీ వైరుకి రెండు వైపులా మూడు భాగాల స్టీరియో పిన్నే ఉంది కదూ? ఫోను వైపు చిన్నది 3.5 మిల్లీమీటర్లు, మిక్సర్ వైపు పెద్దది 6.35 మిల్లీమీటర్లు. ఆ పెద్ద పిన్ను ఇప్పటిది కాదు, 19వ శతాబ్దంలో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో ఆపరేటర్లు లైన్లు కలిపిన పిన్నుకి వారసురాలు. ఒకే రూపంలో ఉన్న పిన్ను రెండు వేర్వేరు పనులు చేయడం వల్లే మీకీ తిప్పలు.

ఫోను దృష్టిలో కొస భాగం ఎడమ, దాని తర్వాతి భాగం, అంటే రింగు, కుడి. మిక్సర్ మోనో ఛానల్ దృష్టిలో అది స్టీరియో కాదు, బ్యాలన్స్‌డ్ సిగ్నల్. పొడవాటి వైర్లలో దారిలో చేరే గొడవని తీసేయడానికి మిక్సర్ ఆ రెండింటి మధ్య తేడాని మాత్రమే తీసుకుంటుంది. కొసలో ఉన్నదాంట్లోంచి రింగులో ఉన్నది తీసేస్తుంది, రెండిట్లోనూ ఒకేలా ఉన్నది సున్నా అవుతుంది. ఇక పాట సంగతి. పాట మిక్స్ చేసేవాళ్లం గాయకుడి గొంతుని దాదాపు ఎప్పుడూ సరిగ్గా మధ్యలో పెడతాం, అంటే ఎడమలో ఎంతో కుడిలోనూ అంతే. మిక్సర్ ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసేసరికి గొంతు పోయింది. పక్కలకి సర్దిన వాయిద్యాలు, గొంతుకి కలిపిన ప్రతిధ్వని మిగిలాయి. మీరు "గొంతు నీడ" అన్నారే, అది ఆ ప్రతిధ్వనే.

మోనో ఆన్ చేస్తే ఏం జరిగిందో ఇప్పుడు మీకే తెలిసిపోయి ఉంటుంది. ఎడమా కుడీ అచ్చంగా ఒకటే అయ్యాయి, తీసేస్తే ఏమీ మిగల్లేదు. పిన్ను సగం లాగినప్పుడు మిక్సర్ లోపలి స్పర్శలు ఒక మెట్టు జరిగి, ఎడమ ఛానల్ ఒక్కటే గ్రౌండుతో పోల్చి వినిపించింది. కాబట్టి గొంతు వచ్చింది. మీవాడు పట్టుకున్నది సగం పాట.

సరైన వైరు ఇది: ఫోను వైపు ఒక స్టీరియో పిన్ను, మిక్సర్ వైపు రెండు పెద్ద మోనో పిన్నులు. మోనో పిన్నుకి ఒకే నల్ల గీత ఉంటుంది. రెండింటినీ రెండు ఛానళ్లకి పెట్టి ఒకదాని పాన్ (శబ్దాన్ని ఎడమకో కుడికో జరిపే మీట) ఎడమకీ, ఇంకోదాన్ని కుడికీ తిప్పండి. మీ మిక్సర్‌కి స్టీరియో ఛానల్ ఉంటే ఇంకా తేలిక. ఒకే ఛానల్ ఖాళీగా ఉందంటే ఎడమ కుడి తీగల్ని నేరుగా ముడేయకండి. ఫోను లోపలి రెండు ఆంప్లిఫయర్లు ఒకదాన్ని ఒకటి తోసుకుంటాయి. ఒక్కో తీగలో 470 నుంచి 1000 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, తర్వాత కలిపి, మోనో పిన్ను పెట్టించండి. సోల్డరింగ్ తెలిసినవాళ్లకి పది నిమిషాల పని.

ఫోను వాల్యూమ్ నూటికి ఎనభై తొంభై దగ్గర ఉంచి, గెయిన్ (లోపలికొచ్చే శబ్దాన్ని పెంచే మీట) మిక్సర్‌లో తగ్గించుకోండి. చాలామంది ఫోనుని సగంలో పెట్టి మిక్సర్‌లో గెయిన్ పెంచుతారు, పాటతోపాటు బుస కూడా పెరుగుతుంది.

పక్కమాట: ఇదే గొంతు మాయం కావడం మామూలు ఇయర్‌ఫోన్స్‌లో కూడా జరుగుతుంది. పిన్ను దగ్గర గ్రౌండు తీగ తెగితే అంతే. పాతకాలపు కొన్ని హెడ్‌సెట్లలో మైకూ గ్రౌండూ ఉండే చోట్లు తారుమారుగా ఉంటాయి, వాటిని ఇప్పటి ఫోనుకి పెట్టినా అంతే. వాటి బటన్ నొక్కి పట్టుకుంటే గొంతు తిరిగొస్తుంది, వదిలితే పోతుంది.

ప్రశ్న: నా కొత్త ఫోనుకి హెడ్‌ఫోన్ రంధ్రం లేదు. స్నేహితురాలి దగ్గర యూఎస్‌బీ-సీ అడాప్టర్ తీసుకున్నాను. ఆమె ఫోనులో పాట వస్తోంది, నా ఫోనులో ఉలుకూ పలుకూ లేదు. రెండూ యూఎస్‌బీ-సీ అయినప్పుడు ఈ తేడా ఏమిటి?

జవాబు: రంధ్రం ఆకారం ఒకటే, లోపలి అలవాటు వేరు. ఇలాంటి అడాప్టర్లు రెండు జాతులు.

ఒకటి ఉత్తి వైరు ముక్క. ఫోను తన లోపలే అంకెల్ని శబ్దంగా మార్చి, మామూలుగా డేటా నడిచే యూఎస్‌బీ తీగల మీద ఆ శబ్దాన్నే పంపాలి. కొన్ని ఫోన్లకి ఈ విద్య ఉంది, చాలావాటికి లేదు. రెండోదాంట్లో చిన్న చిప్ ఉంటుంది, దాన్ని డ్యాక్ అంటారు. ఫోను అంకెల్ని పంపితే మార్చే పని చిప్ చూసుకుంటుంది. మీ స్నేహితురాలిది మొదటి జాతి అయివుంటుంది. మీరు డ్యాక్ ఉన్నది తెచ్చుకోండి, అది దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది. 2023లో యూఎస్‌బీ-సీకి మారిన ఐఫోన్ 15కీ, ఆ తర్వాతి ఐఫోన్లకీ కూడా డ్యాక్ ఉన్నదే కావాలి.

డ్యాక్ ఉన్నది పెట్టినా పలక్కపోతే సెట్టింగుల్లో ఓటీజీ (బయటి యూఎస్‌బీ వస్తువుల్ని ఫోనుకి కలుపుకునే సౌకర్యం) అని వెతకండి. కొన్ని ఫోన్లలో దాన్ని చేత్తో ఆన్ చేయాలి, కాసేపు వాడకపోతే దానంతటదే ఆఫ్ అవుతుంది కూడా. దీని గురించి తెలియక మంచి అడాప్టర్‌ని చెత్తబుట్టలో వేసినవాళ్లు నాకు తెలుసు.

ప్రశ్న: బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఫోనులో కీబోర్డ్ యాప్ వాయిస్తుంటే నొక్కిన తర్వాత ఎప్పటికో శబ్దం వస్తోంది. సినిమా చూస్తే మాత్రం పెదాలూ మాటా సరిగ్గానే కలుస్తున్నాయి. ఇంకొకటి, అదే హెడ్‌ఫోన్స్ మైకుతో పాడి రికార్డు చేస్తే పాత టెలిఫోనులో పాడినట్టుంది. ఖరీదైనదే కొన్నాను అక్కా, మోసపోయానా?

జవాబు: మోసం లేదు తల్లీ, బ్లూటూత్ తీరే అంత. ఫోను పాటని చిన్న పొట్లాలుగా కుదించి గాల్లో పంపుతుంది. అవతల కొన్ని పొట్లాలు పోగయ్యాక విప్పి వినిపిస్తారు, మధ్యలో ఒకటి పోయినా పాట తెగకూడదని. ఈ పోగుచేసుకోవడంలోనే సెకనులో పదో వంతు నుంచి పావు వంతు దాకా పోతుంది. శబ్దం గాల్లో సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి, అయిదో వంతు సెకను ఆలస్యమంటే మీరు కీబోర్డ్ ఇక్కడ నొక్కి, దాని శబ్దాన్ని దాదాపు 70 మీటర్ల అవతల నిలబడి వింటున్నట్టు. తాళం నిలుస్తుందా?

సినిమాలో ఎందుకు తెలియదంటే, వీడియో యాప్‌కి ఆ ఆలస్యం ఎంతో ముందే తెలుసు, బొమ్మని కూడా అంతసేపు ఆపి చూపిస్తుంది. మీరు ఏ మీట ఎప్పుడు నొక్కుతారో యాప్‌కి ముందుగా తెలియదు కదా. వాయించడానికి, పాడటానికి తీగ ఉన్న హెడ్‌ఫోన్స్ తప్ప దారి లేదు.

ఇక టెలిఫోను గొంతు. బ్లూటూత్‌లో పాట వినడానికి ఒక పద్ధతి, మాట్లాడటానికి ఒక పద్ధతి. వినే పద్ధతి ఒకవైపు మాత్రమే నడుస్తుంది. మైక్ ఆన్ చేయగానే హెడ్‌ఫోన్స్ రెండో పద్ధతికి మారతాయి. అందులో గొంతుని సెకనుకి 8 వేలసార్లు, కాస్త మెరుగైనదైతే 16 వేలసార్లు కొలుస్తారు. సీడీలో 44,100 సార్లు. పైస్థాయి మెరుపు అంతా కోత పడుతుంది. కొత్తగా వస్తున్న బ్లూటూత్ పద్ధతి ఎల్ఈ ఆడియో ఈ బాధ తగ్గించడానికే, కానీ ఫోనుకీ హెడ్‌ఫోన్స్‌కీ రెండింటికీ అది ఉండాలి. అప్పటిదాకా, చెవిలో ఏది పెట్టుకున్నా, పాడేది మాత్రం ఫోను సొంత మైకులో పాడు. నీ ఖరీదైన హెడ్‌ఫోన్స్ మైక్ కన్నా అది నయం.

ప్రశ్న: స్టేజి మీద వాడే చేతి మైక్ నా దగ్గర ఉంది. మార్పిడి పిన్నులు ఒకదానికొకటి తగిలించి ఫోనుకి పెట్టాను. రికార్డు కాలేదు సరికదా, ఫోను వాల్యూమ్ దానంతటదే జారిపోతోంది. ఎవరో కనిపించకుండా బటన్ నొక్కుతున్నట్టు! మైక్ మీద 600 ఓమ్‌లు అని రాసి ఉంది.

జవాబు: ఇది చదివి గట్టిగా నవ్వాను, క్షమించాలి. దెయ్యం లేదు. ఆ 600 ఓమ్‌లే బటన్ నొక్కుతున్నాయి.

ఇయర్‌ఫోన్స్ తీగ మీద ఉండే బటన్లకి విడిగా తీగలుండవు. ప్రతి బటన్ మైక్ తీగకీ గ్రౌండుకీ మధ్య ఒక్కో విలువ రెసిస్టర్‌ని కలుపుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ల లెక్క ప్రకారం 70 ఓమ్‌ల లోపు కనిపిస్తే ఆపడం, మొదలుపెట్టడం. 210 నుంచి 290 మధ్య అయితే వాల్యూమ్ పెంచడం. 360 నుంచి 680 మధ్య అయితే తగ్గించడం. వెయ్యి ఓమ్‌లో, ఆపైనో కనిపిస్తేనే "ఇది మైక్" అని నమ్ముతుంది. మీ మైక్ లోపల ఉన్నది తీగ చుట్ట. దాన్ని కొలిస్తే ఆ 600 దరిదాపుల్లోనే ఉంటుంది. ఫోనుకి అది నొక్కి వదలని వాల్యూమ్ బటన్‌లా కనిపిస్తోంది.

దీనికి ఆడియో ఇంటర్‌ఫేస్ అనే పెట్టె కావాలి. మూడు కాళ్ల మైక్ కేబుల్ అందులోకి, దాన్నుంచి యూఎస్‌బీ ఫోనులోకి. ప్రత్యేక డ్రైవర్ అక్కర్లేని రకం, క్లాస్ కంప్లయంట్ అంటారు, అది చూసి కొనండి. ఆండ్రాయిడ్ 2014లో వచ్చిన 5.0 నుంచే ఇలాంటివాటిని గుర్తుపడుతోంది. పెట్టె కరెంటు ఫోను నుంచే తీసుకుంటే బ్యాటరీ తొందరగా దిగుతుంది, ఒక్కోసారి ఫోను "నా వల్ల కాదు" అని దాన్ని వదిలేస్తుంది. విడిగా కరెంటు ఇచ్చుకునే పోర్టు ఉన్న పెట్టె అయితే, లేదా మధ్యలో సొంత కరెంటు ఉన్న యూఎస్‌బీ హబ్ పెడితే ఈ గొడవ ఉండదు. స్టూడియోల్లో వాడే కండెన్సర్ మైక్ అయితే 48 వోల్టుల బటన్ కూడా ఉండాలి. మీ చేతి మైక్‌కి దాంతో పనిలేదు.

పెట్టె తగిలించాక ఫోను స్పీకర్ మూగబోతుంది, కంగారు పడకండి. శబ్దం కూడా ఆ పెట్టెలోకే వెళ్తుంది. హెడ్‌ఫోన్స్ దానికే పెట్టుకోవాలి.

ప్రశ్న: ఫోనుని ఆంప్లిఫయర్‌కి కలిపి, ఛార్జర్ కూడా పెడితే గుంయ్ మని ఒకటే మోత. ఛార్జర్ తీస్తే పోతుంది. ఆంప్లిఫయర్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుందని ఒకరు చెప్పారు. తీసేయమంటారా?

జవాబు: వద్దు. పొరపాటున కూడా వద్దు. లోపల ఏదైనా తీగ జారి పెట్టెకి తగిలితే మీ ప్రాణం కాపాడేది ఆ ఒక్క పిన్నే.

ఛార్జరూ, ఆంప్లిఫయరూ చెరోవైపు నుంచి కరెంటు లైనుకి కలిసి ఉన్నాయి, మధ్యలో మీ ఆడియో వైరు మూడో దారి అయింది. ఆ చక్రంలో తిరిగే కొద్దిపాటి కరెంటే మీకు 50 లేదా 60 హెర్ట్జ్ మోతగా వినిపిస్తోంది. రెండింటినీ ఒకే ప్లగ్గు బోర్డుకి పెట్టి చూడండి, కొన్నిసార్లు అంతటితో సరిపోతుంది. లేకపోతే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది. లోపల రెండు చిట్టి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, పాట దాటుతుంది, కరెంటు చక్రం తెగుతుంది. అన్నిటికన్నా సులువు, ఫోనుని ముందే నిండా ఛార్జ్ చేసుకోవడం.

ప్రశ్న: ఏ హెడ్‌ఫోన్సూ పెట్టకపోయినా పైన హెడ్‌ఫోన్ గుర్తు కనిపిస్తోంది, స్పీకర్ మోగడం లేదు.

జవాబు: రంధ్రంలో జేబు నూలు పేరుకుని ఉంటుంది, లేదా తడి. ఫోను ఆఫ్ చేసి చెక్క పుల్లతో మెల్లగా తీయండి. గుండుసూది పెట్టొద్దు. తడి అయితే ఒక రోజు ఆరనివ్వండి.

ప్రశ్న: నా హెడ్‌ఫోన్స్‌లో ఎల్‌డ్యాక్ ఆన్ చేస్తే సీడీ నాణ్యత వస్తుందా?

జవాబు: ఎల్‌డ్యాక్ అంటే బ్లూటూత్‌లో పాటని కుదించి పంపే ఒక పద్ధతి. అది గరిష్ఠంగా సెకనుకి 990 కిలోబిట్లు పంపుతుంది, మామూలు పద్ధతి ఎస్‌బీసీ మంచి స్థాయిలో 328. సీడీది 1411. కాబట్టి లెక్క ప్రకారం రాదు. వినికిడి ప్రకారం చెప్పాలంటే, కళ్లు మూసుకుని విన్నప్పుడు నేను చాలాసార్లు తేడా పట్టలేకపోయాను. చెవిలో రబ్బరు బుడిపె సరైన సైజుది పెట్టుకుంటే వచ్చే తేడా మాత్రం ప్రతిసారీ పట్టగలను.

ప్రశ్న: మా నాన్నగారు పాడిన క్యాసెట్లు నాలుగు దొరికాయి. ఆయన పోయి పదకొండేళ్లు. పాత టేప్ డెక్ బాగుచేయించి, దాని వెనక ఉన్న ఎరుపు, తెలుపు సాకెట్ల నుంచి వైరు తీసి ఫోను హెడ్‌సెట్ రంధ్రానికి పెట్టాను. రికార్డు అయింది, కానీ గొంతు చీలిపోతోంది, పగిలిన స్పీకర్‌లో విన్నట్టుంది. క్యాసెట్ పాడైపోయిందేమోనని భయంగా ఉంది.

జవాబు: భయపడకండి. డెక్‌లో నేరుగా విన్నప్పుడు గొంతు బాగుంటే క్యాసెట్ బాగున్నట్టే. చీలుతున్నది ఫోను ముందు.

మీ డెక్ వెనక నుంచి వచ్చేది వోల్టులో సుమారు మూడో వంతు. ఫోను మైక్ ఎదురుచూసేది దాంట్లో నూరో వంతు. గుసగుసలు వినడానికి పెట్టుకున్న చెవిలో అరిచినట్టు. పైగా ఫోను మైక్ దారి మోనో, మీ డెక్ స్టీరియో. చవగ్గా చేయాలంటే డెక్ తీగలో 220 కిలో ఓమ్‌ల రెసిస్టర్, ఆ తర్వాత మైక్ తీగకీ గ్రౌండుకీ మధ్య 2.2 కిలో ఓమ్‌లది పెట్టించండి. శబ్దం దాదాపు నూరో వంతుకి దిగుతుంది, ఫోనుకి అది మైక్‌లాగే కనిపిస్తుంది కూడా. కానీ మళ్లీ దొరకని గొంతు కదా. నా మాట వింటే లైన్ ఇన్ (డెక్ లాంటివాటి పెద్ద సిగ్నల్ తీసుకునే సాకెట్టు) ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ నాలుగు రోజులు ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. చిన్న యూఎస్‌బీ అడాప్టర్లలో చాలావాటికి ఉన్నది మైక్ ఇన్ మాత్రమే, అది తెస్తే కథ మొదటికొస్తుంది.

క్యాసెట్ సంగతి కూడా చూసుకోవాలి. ప్లే నొక్కే ముందు ఒకసారి చివరిదాకా ముందుకి తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే విడతాయి. హెడ్‌ని (టేపుని తాకి చదివే లోహపు ముక్కని) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవండి, ఒక్కో క్యాసెట్‌కి ఒకసారి. గొంతు మందంగా, దుప్పటి కప్పినట్టు వినిపిస్తే అది టేపు తప్పు కాకపోవచ్చు. నాన్నగారు రికార్డు చేసిన మిషన్ హెడ్ ఒక కోణంలో, మీ డెక్ హెడ్ ఇంకో కోణంలో ఉండి ఉంటాయి. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. క్యాసెట్ నడుస్తుండగా దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ, "స", "ష" అక్షరాలు ఎక్కడ ఎక్కువ పదునుగా వినిపిస్తాయో అక్కడ ఆపాలి. రిపేరు తెలిసినవాళ్ల చేత చేయించండి.

ఫోనుని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ తెగుతుంది. ఫైలు వేవ్ రూపంలో, 48 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో దాచుకోండి. గంటకి దాదాపు 700 ఎంబీ అవుతుంది, చోటు ముందే చూసుకోండి. అతి పెద్ద గొంతు వచ్చినప్పుడు కూడా మీటరు ఎర్రగీత తాకకుండా గెయిన్ తగ్గించుకోండి. కాస్త చిన్నగా రికార్డయితే తర్వాత పెంచుకోవచ్చు, చీలితే అతకదు. బుస తీసేసే యాప్‌ల జోలికి మొదటి కాపీలో వెళ్లొద్దు. బుసతోపాటు ఊపిరి కూడా పోతుంది. ఆయన పాట మధ్యలో గాలి పీల్చుకున్న చప్పుడు మీకు కావాలి.

ఇవన్నీ చేసే ముందు, ఈ పుస్తకం పక్కన పెట్టి ఒక పని చేయండి. క్యాసెట్ టేపు కనిపించని అంచున, రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. ఆ రెండూ విరిచేయండి. అవి ఉన్నంతకాలం డెక్ రికార్డ్ బటన్ పనిచేస్తుంది, చేయి జారి నొక్కితే నాన్నగారి గొంతు మీద మీ గది నిశ్శబ్దం పడుతుంది.